అర్జీని అణచే విద్య

"మా హాస్టల్ నీళ్ల అర్జీలన్నీ మింగింది మీ ఆఫీసోళ్లే సార్. ఇప్పుడొచ్చి మాకు విలువలు చెప్తాండారా?"

కర్నూలు కాలేజీలో పెద్దల అనుభవ పాఠం చెప్పడానికి వచ్చిన మున్సిపల్ ఆఫీసు రిటైర్డ్ సూపరింటెండెంట్ గోపీనాథ్ ఉపన్యాసం ఆగిపోయింది. అడిగింది డిగ్రీ విద్యార్థిని మహిమ.

"అర్జీ ఎవరికిచ్చినారమ్మా?"

"ఆఫీసు ముందర పెట్టెలో వేసినాం."

గోపీనాథ్‌కు నవ్వొచ్చింది. "ఆ పెట్టె పెట్టించింది నేనే. మీలాంటోళ్లు ఎదురుగా వచ్చి నిలబడకూడదనే."

"మరి మీరు దేనికి భయపడతాంటిరి సార్?"

సర్వీసంతా తాను నేర్చిన అసలు విద్య గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. గోపీనాథ్ విలువల మీద రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాసుకోండి. పొద్దున్నే అందరూ ఖాళీ బిందెలతో పోండి. అర్జీ చేతికే ఇచ్చి ముద్ర వేయించుకోండి. రేపు రమ్మంటారు. నీళ్లొచ్చేదాకా ఆడనుంచి లేవాకండి."