రిబ్బను కట్టిన తలుపు

“అయితే ఏమంటావిప్పుడు?” వార్డెన్ నిర్మల హాజరుపట్టీలోంచి తల ఎత్తలేదు.

ఫల్గుణ చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కూతురి సెలవు చీటీ మీద సంతకం పెట్టాలి రమ్మని ఆమే కబురు పెడితే, డుంబ్రిగుడ అవతలి కొండ దిగి ఈ ఆశ్రమ పాఠశాలకు వచ్చాడు.

“సిట్టికి జొరం తగ్గింది మేడమ్. ఇన్‌ఫెక్సను కుడి కిడ్నీ దాకా ఎక్కిపోనాదంట.”

“ఆడపిల్లలకు మామూలే. నీళ్ళు తాగమను.”

“తాగితే ఎక్కడికెల్తాది మేడమ్?”

పాత మరుగుదొడ్లు నాలుగు. రెండింటికి తలుపుల్లేవు, రెండింటికి నీళ్ళు రావు. నూట ఎనభై మంది ఆడపిల్లలు తెల్లవారక ముందే గుంపుగా కొండవాలుకు వెళ్ళొస్తారు. మళ్ళీ చీకటి పడేదాకా గొంతు తడుపుకోరు. పక్కనే కొత్త మరుగుదొడ్లు. పది గదులు, టైల్సు, పైన నిండుగా నీళ్ళ ట్యాంకు. జూన్ నుంచి బయటి తలుపుకు తాళం. గడియకు కట్టిన ఎర్ర రిబ్బను వానలకు వెలిసిపోయింది.

“డాట్రుగారు బొమ్మేసి సూపించారు మేడమ్. కిడ్నీ అంటే మనం పండించే రాజ్మా గింజలాగే ఉంటాదంట. రెండుంటాయి. రేయీ పగలూ నెత్తురు వడకడతానే ఉంటాయంట. ఆ మురికి నీరు రెండు గొట్టాల్లోంచి కింద సంచిలోకి దిగుద్ది. సంచి నిండితే కాళీ సెయ్యాల. బిగబట్టుకుంటే అందులో పురుగు పెరిగి, ఆ గొట్టం ఎంటే పైకి పాకుద్దంట. నీళ్ళు తాగకపోతే దాన్ని కడిగి తోసేదే నేదు. ఇంకోపాలి ఇలాగైతే కిడ్నీకి మచ్చ పడిపోద్ది, మరి మానదన్నారు. సోమారం నుంచి బడికొస్తానని ఏడుత్తంది గుంట. ఆ తాళం తీయించండి మేడమ్.”

“ప్రారంభోత్సవం కాలేదు.”

“ఎప్పుడవుద్ది?”

“పెద్దవాళ్ళకు తీరిక దొరికినప్పుడు.”

ఫల్గుణ తల దించుకున్నాడు. “పోనీ, అర్జీ రాసిత్తాను.”

“అర్జీయా?” నిర్మల నవ్వింది. “రాసి ఆ మూల కట్టలో పడెయ్యి. పిల్లను ఇంట్లోనే ఉంచుకో, రాగులు దంచుతుంది. చదివి ఎవర్ని ఉద్ధరించాలి?”

అతని దవడ బిగుసుకుంది. అయినా అర్జీకి కాగితం కోసం జేబు తడుముకున్నాడు.

నిర్మల ఒక క్షణం అతన్నే చూసి, వరండాలో వెళ్తున్న పిల్లను కేకేసింది. “ఇతనికి నీళ్ళు తెచ్చివ్వు.”

పదేళ్ళ పిల్ల గ్లాసు తెచ్చింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

“నువ్వు తాగినావేటమ్మా?”

“సీకటి పడ్డాక తాగుతాను మావా.”

నోటిదాకా ఎత్తిన గ్లాసు దించేశాడు. “మూడు నెల్లు!” ఫల్గుణ గొంతు ఒక్కసారిగా లేచింది. “ఓ రిబ్బను ముక్క కోసం మూడు నెల్లు మా గుంటల నోళ్ళు కట్టేత్తారా?”

“అరవకు. ఇక్కడ అరిచి, గేటు దగ్గర దండం పెట్టి పోతారు మీవాళ్ళు. నాకు తెలీదా?”

“దండమా?”

గ్లాసు బల్ల మీద పెట్టి విసురుగా పెరట్లోకి నడిచాడు. గట్టు మీది గుండ్రాయి రెండు చేతులా ఎత్తాడు. “కేసెట్టుకోండి! జైల్లో ఎట్టుకోండి!”

మూడో దెబ్బకు గడియ ఊడి, రిబ్బనుతో సహా బురదలో పడింది.

చప్పుడుకు పిల్లలంతా పెరట్లో గుమిగూడారు. ఆ తరవాత ఒక పిల్ల పరుగెత్తింది. వెనకాలే అందరూ. తలుపులు మూసుకున్న చప్పుడు, గొళ్ళాలు పడిన చప్పుడు, కుళాయిల హోరు.

ఫల్గుణ రాయి పట్టుకునే ఆఫీసు గదిలోకి వచ్చాడు. ఇంకా రొప్పుతున్నాడు. “పోలీసోళ్ళకి ఫోన్ సెయ్యండి. ఎక్కడికీ పారిపోను. ఫల్గుణ అని బాగా రాసుకోండి.”

నిర్మల అప్పటికే రిజిస్టర్లో రాస్తోంది. అతను వంగి, కూడబలుక్కుంటూ చదివాడు. ‘సుమారు యాభై మంది తండ్రులు వచ్చి తాళం పగలగొట్టినారు. ముఖాలు గుర్తులేవు. మరల తాళం వేసిన యెడల మరల వచ్చెదమన్నారు.’

“నానొక్కడినే కదా మేడమ్?”

“సోమవారం చిట్టిని పంపించు,” అంది నిర్మల, తల ఎత్తకుండానే.

ఆ వారంలో ఆమె రెచ్చగొట్టిన తండ్రుల్లో అతను నాలుగోవాడు.