మైకు దాచిన మాట

“అందరూ బాగున్నారా?”

అక్క ఫోన్లో మొట్టమొదట అడిగిన మాట అదే. మైకు గాజుతొట్టె వైపు చూశాడు. అయిదు చేపలూ ఒక మూలకు చేరి కదలకుండా అతన్నే చూస్తున్నాయి.

“బ్రహ్మాండంగా ఉన్నారక్కా.”

“నీ గొంతేంటి అలా ఉంది?”

“జలుబు.”

“సరే. బస్సు దిగాను. వచ్చేస్తున్నా.”

ఫోను పెట్టేసి మైకు ముందు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మైకు. అతని చెవిన పడ్డ సంగతి పొద్దుగూకేలోగా వీధి చివరి దాకా వెళ్లాల్సిందే. మేనకోడలి ప్రేమ కబురు కన్నతల్లి కంటే ముందు పాలవాడికి తెలిసిందంటే అది మైకు చలవే. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేయడంలో మాత్రం అతని చేతికి వంక పెట్టలేం. కొట్టు లేదు, అదే లోటు. సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరగాలి.

కూతురి పురుడికి వెళ్తూ అక్క ఆ ఆశే చూపించింది.

“నేనొచ్చేదాకా వీటిని చూసుకో. ఈ ఒక్క పని తిన్నగా చేశావా, ఈ ముందు గది నీది. కొట్టు పెట్టుకో. నా కుట్టుమిషను లోపలికి జరుపుకుంటా.”

“ఏం చెయ్యాలి?”

“రోజూ ఈ డబ్బాలో గుళికలు చిటికెడు వెయ్యి. ఇంకేం వెయ్యకు. అడుగున ఉన్న రాళ్లు కదపకు. లోపల చెయ్యి పెట్టావో, తర్వాత వేళ్లు లెక్కపెట్టుకోవాలి. పిరానాలురా అవి, మాంసం పీక్కుతినే చేపలు.”

ఆ సంగతి వీధిలో తెలియనిదెవరికి? బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు తొట్టెకు బారెడు దూరంలో నిలబడి కొలతలిచ్చేవాళ్లు. అయినా తొట్టె అద్దం లోపలివైపు కూడా తళతళలాడుతూ ఉండేది. ఎలా తుడుస్తావక్కా అని మైకు ఒకసారి అడిగితే, దానికో కిటుకుందిలే అని నవ్వేసింది.

అంతా మైకు జాలి గుండె వల్ల వచ్చింది. పిరానాలకు గుళికలేమిటి, పులికి గడ్డి వేసినట్టు, అనుకున్నాడు. మాంసం ముక్కలు తెచ్చి వేశాడు. చేపలు వాసన చూసి వెళ్లిపోయాయి. అక్క మీద బెంగ పెట్టుకున్నాయి పాపం అని ఇంకొన్ని ముక్కలు వేశాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఒక పొద్దున లేచి చూస్తే అయిదూ వెల్లకిలా తేలుతున్నాయి.

గరిటెతో వాటిని తీసి, గొట్టం పెట్టి నీళ్లు మార్చి, రాళ్ల జోలికి మాత్రం పోకుండా, ఊరవతల చేపల దుకాణానికి పరుగెత్తాడు.

“పిరానాలే కావాలా? చూడ్డానికి అలాంటివే ఇంకో రకం ఉన్నాయి. చవగ్గా వస్తాయి,” అన్నాడు దుకాణదారు.

“మా అక్క దగ్గర నకిలీలు చెల్లవు. అసలువే ఇవ్వు.”

దుకాణదారు మోచేతుల దాకా తొడుగులు వేసుకుని వలతో పట్టి ఇచ్చాడు. “కొత్త నీళ్లు అలవాటయ్యేదాకా మేత వెయ్యకు.”

“ఆకలితో ఉంటాయేమో?”

“ఉంటాయి.”

అదే వెండి రంగు, అదే ఎర్ర పొట్ట. కింది దవడే కాస్త ముందుకు వచ్చినట్టుంది. అన్నదమ్ముల్లోనే అందరి ముఖాలూ ఒకలా ఉండవు, చేపల్లో ఉంటాయా అని మైకు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇస్త్రీ కొట్టు దగ్గర ఈ మాట రెండుసార్లు నాలుక చివరి దాకా వచ్చింది. రెండుసార్లూ మింగేశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను దాచిన మొదటి రహస్యం ఇది.

గేటు చప్పుడైంది. అక్క ముఖం వెలిగిపోతోంది.

“మనవరాలురా. నోరు మాత్రం నీదే, ఒక్క క్షణం మూసుకోదు.”

చెప్పులైనా విప్పకుండా తొట్టె ముందు వంగింది.

“కాస్త ఒళ్లు చేశాయే. ఏం పెట్టావేంటి?”

“నువ్విచ్చిన గుళికలే.”

అక్క అతని వీపు తట్టింది. “ఇంత పని చేస్తావనుకోలేదురా. ముందు గది నీదే.”

ఇన్నాళ్లూ కలలుగన్న మాట అది. విన్నాక ఏడుపొచ్చినంత పనైంది. తల్లిలా పెంచిన మనిషిని మోసం చేస్తున్నానని గుండె పీకింది.

“అక్కా, ఒక్క మాట...”

“ఏంటి?”

ముందు గది గోడకు తన కొట్టు బోర్డు తగిలించినట్టు కళ్లకు కట్టింది. “ఏం లేదు. టీ పెడతా.”

వంటింట్లో ఉండగా స్టూలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. టీ గ్లాసులతో వచ్చేసరికి అక్క స్టూలెక్కి నిలబడి ఉంది. తొట్టె మూత తీసి నేల మీద పెట్టి ఉంది. ఆమె గాజులు పైకి తోసుకుంటోంది.

“అక్కా, ఏం చేస్తున్నావ్?”

“మనవరాలికి అమ్మ గొలుసు వెయ్యాలిరా. నగలన్నీ ఈ రాళ్ల కిందే దాచా. దొంగ కూడా ఇందులో వేలు పెట్టడుగా. నీకు చెబితే వీధికి చెప్పినట్టేనని ఇన్నాళ్లూ చెప్పలేదు.”

మైకు చేతుల్లోంచి గ్లాసులు జారిపోయాయి. “అవి పిరానాలక్కా, చెయ్యి పెట్టకు...”

అక్క పకపకా నవ్వుతూ మోచేతి దాకా చెయ్యి ముంచింది.

“ఇవి ఆకులు తినే చేపలురా, పిచ్చివాడా.”