ఉప్పు కుప్పల మీద ముద్ర

చిన్నపోలయ్య పోయాక ఉప్పు కుప్పల కాపలా పని కూతురు అంకాలమ్మకు వచ్చింది. రాత్రి ఎవరైనా ఉప్పు తీస్తే తెలిసేలా, పొద్దుగూకాక ప్రతి కుప్ప మీదా కొయ్యముద్ర నొక్కాలి. తెల్లారి వేరే ముద్ర కనిపిస్తే పని పోతుంది. అందుకే తండ్రి ముద్రను ఆఫీసరు కాల్పించి, ఆమెకు కొత్తది ఇచ్చాడు.

ఆ రాత్రి లాంతరు ఎత్తి చూస్తే, కుప్పల మీద అప్పుడే నొక్కిన గుర్తులున్నాయి. అంచు విరిగిన పాత ముద్రే. చిన్నప్పుడు ఆ విరిగిన చోటును వేలితో తడుముతూ తండ్రి వెంట తిరిగేది. ఎదుటి చీకట్లో ఎవరో అరచేత్తో ఉప్పు తడుతున్నారు.

"ఇప్పుడిది నా పని నాయనా. నీ ముద్ర కనబడిందంటే నన్ను తీసేస్తారు," అంది.

చప్పుడు ఆగింది.

కళ్ళు తుడుచుకుని, పాత గుర్తు చెరిపి, తన ముద్ర ఆనించింది. ఆమె చేతి మీద మరో చెయ్యి చల్లగా పడింది.

"అట్ట కాదు బిడ్డా. గట్టిగా నొక్కు."