తెల్ల స్లాబు

తెల్లారేసరికి స్లాబు మీద మళ్లీ పొగగొట్టాల బూడిద. ఓదెలు, తాగే నీళ్ల డ్రమ్ముకే ప్రెషర్ గన్ను తగిలించి కడుగుతున్నాడు. మధ్యాహ్నం ఉపగ్రహం చూసేసరికి ఇంటి కప్పు తెల్లగా మెరవాలి. మెరవని ఇంటికి సర్కారు గొట్టాల్లో పంపే చల్లగాలి బందు. ఈ ఎండలకు చల్లగాలి లేని ఇంట్లో పొద్దుగూకేదాకా మనిషి మిగలడు. సర్కారుకు బూడిద ఆపడం చేతకాలేదు గానీ, పైనుంచి కప్పులు చూడటం మాత్రం బాగా చేతనైంది. కింద గదిలో ఓదెలు కూతురు జ్వరంతో పడుకుని ఉంది.

గన్ను ధాటికి బూడిద లేచి పక్కింటి పోసక్క స్లాబు మీద పడుతోంది.

"ఓరి ఓదెలూ! నీ మసంతా నా నెత్తిన కొడుతున్నవేందిరా?"

"గాలి అటే కొడుతాంది, నేనేం జేయాలె? నువ్వు సుత కడుక్కో అక్కా."

"నా డ్రమ్ముల చుక్క నీళ్లు లెవ్వు. ఆ గన్ను జర ఇటు తిప్పు, నీ కాళ్లు మొక్కుత."

డ్రమ్ములో ఒక్క స్లాబుకు సరిపడా నీళ్లే ఉన్నాయి. ఓదెలు వినబడనట్టు ముఖం తిప్పుకుని తన మూలలన్నీ కడిగాడు.

మధ్యాహ్నం దాటాక ఇంట్లోకి చల్లగాలి బుస్సుమని వచ్చింది. కాసేపటికి పోసక్క వచ్చి తలుపు కొట్టింది, మొదట గట్టిగా, తర్వాత గోటితో గీకినట్టు. ఓదెలు భార్య రాజవ్వ గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"తియ్యకు," అన్నాడు ఓదెలు. "తీస్తే సల్లదనమంతా బయటికి పోతది."