కనక కట్టిన పసుపు

“ఆ దుంప ముట్టుకున్నావంటే ఊరుకోను! అది ఇత్తనం!” అని ఫల్గుణ అరిచేలోపే కనక రోకలి దించేసింది. విత్తనానికి దాచిన పచ్చి పసుపు రోట్లో చితికి, రసం ఎగిరి ఆమె ముక్కు మీద పడింది.

“ఇత్తనం ఎవులినైనా అడుక్కుందాం బావా. మీ అమ్మ మోకాళ్ళు ఎక్కడ అడుక్కొత్తావు?”

ఫల్గుణ ఇప్పనూనె గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

చితికిన పసుపును ఇప్పనూనెలో వెచ్చచేసి, ఆముదం ఆకుల మీద మందంగా పరిచి, కనక పరుగున అత్త దగ్గరికి వెళ్ళింది. చిన్నమ్మలు మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మోకాళ్ళు గుమ్మడిపిందెల్లా వాచి ఉన్నాయి. చలికాలం మొదలు ఇదే తంతు. గూడెం కొత్తవీధి ఆసుపత్రికి పోవాలంటే కొండ దిగాలి. రోడ్డు లేదు. ఓట్లకోసం కొండెక్కిన పెద్దమనుషులకు ఆ సంగతి కొండ దిగాక గుర్తుండదు. మోకాళ్ళు బాగున్నవాడే మోకాళ్ళ డాక్టరు దగ్గరికి పోగలడు. ఇదీ మన్యానికి దక్కిన వైద్యం! డోలీ కడతానని ఫల్గుణ అంటే చిన్నమ్మలు కర్రెత్తింది.

ఆమె దిగులు ఆసుపత్రి గురించి కాదు. చైత్రంలో మన్యమంతా చేసుకునే ఇటుకల పండగ గురించి. పండగనాడు ఊరి ఆడాళ్ళు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి థింసా ఆడతారు. ఆ వరసలో ఎవరి చోటు వారిది. కోడలై వచ్చిన ఏడాది నుంచీ చిన్నమ్మలు చోటు పైడితల్లికీ సత్యకుమారికీ నడుమ. ఒక్క పండగ ఆడకుండా కూర్చుంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పోతే మళ్ళీ రాదు.

“ఆ చోటు పోయాక నాకు ఈ ఊళ్ళో ఏటుంటాదే, మంచం తప్ప?” అన్న అత్త మాటే కనకను తరుముతోంది.

కట్టు బిగిస్తుంటే వాకిట్లో నవ్వులు వినబడ్డాయి. ఆ ఇద్దరే.

“ఏటే కనకా, మీ అత్తకి పసుపు రాసి పెళ్ళి సేత్తన్నావా?” అంది పైడితల్లి.

“సేత్తన్నాను పిన్నీ. తోడిపెళ్ళికూతురివి నువ్వే. నీ కాళ్ళూ సాపు, రాసేత్తాను.”

“నవ్వులాట కాదు,” అంటూ సత్యకుమారి అడ్డొచ్చింది. “పండగ దగ్గరికొచ్చేసింది. నడవనేని మడిసి ఎలాగ ఆడతాది? మా కోడలు గుంట ఉషారుగా ఉంది. చిన్నమ్మలప్ప చోట్లో దాన్ని నిలబెడతాం.”

చిన్నమ్మలు ముఖం గోడవైపు తిప్పుకుంది. అది చూసి కనకకు ఒళ్ళు మండిపోయింది.

“ఎలాగ నిలబెడతావో నానూ సూత్తాను! పండగనాడు రండి. మీ నడుములు ఇరిగేలా ఆడతాది మా అత్త!”

“సూద్దాం,” అంది పైడితల్లి. పోతూ పోతూ వంగి చిన్నమ్మలు మోకాలిని వేలితో నొక్కింది. చిన్నమ్మలు పళ్ళు బిగబట్టింది. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు.

ఇక కనకకు వేరే లోకం లేదు. పొద్దున ఒక కట్టు, పొద్దుగూకాక ఒక కట్టు. ఆమె చేతులు, కోక, చివరికి వండిన అంబలి కుండ మూతా పచ్చబడ్డాయి. ఊళ్ళో అందరూ అడిగేవారే. ఆడతాదా? ఆడదా? “ఆడతాది!” అని అడిగేలోపే చెప్పుకు తిరిగింది.

“తగ్గిందా అత్తా?”

“తగ్గినట్టే ఉందే,” అనేది చిన్నమ్మలు. కనక కళ్ళలోకి మాత్రం చూసేది కాదు.

పండగ రానే వచ్చింది. ఫల్గుణ తల్లిని మంచంతో సహా మోయించి ఆట జరిగే చోటికి చేర్చాడు. కనక అక్కడే కట్లు విప్పి, వేడినీళ్ళతో అత్త కాళ్ళు కడిగి, తుడిచి మంచం మీద పెట్టింది. తుడుము మోగింది. కొమ్ముబూర పలికింది.

పైడితల్లి, సత్యకుమారి మంచానికి చెరోవైపు వచ్చి నిలబడ్డారు.

“లేవప్పా! మా నడుములు ఇరగ్గొడతాదంట నీ కోడలు.”

చెరో చెయ్యి చిన్నమ్మలు వీపు వెనక వేసి, ఆమెను లేపి వరసలోకి లాక్కుపోయారు. కనక నీళ్ళ గిన్నె దించి వచ్చేసరికి జనం కమ్ముకున్నారు. మునివేళ్ళ మీద లేచింది. తలలే కనిపించాయి, గిర్రున తిరిగే తలలు. వాటి నడుమ అత్త తల! కొప్పులో పూలతో, నోరారా నవ్వుతూ! మా అత్త ఇంత పొడుగా? డప్పు వేగం పెరిగింది. వరస పాములా మెలికలు తిరిగింది. అత్త తల ఒక్కసారీ వెనకబడలేదు.

“బావా, సూడు! ఇత్తనం ఇత్తనం అని ఏడిసావు కదా, సూడు!” కనక ఎగిరి గంతేసింది.

ఆట ఆగగానే వాళ్ళిద్దరూ చిన్నమ్మలును ఊరేగింపులా ఎత్తుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. చిన్నమ్మలు నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. చుట్టూ ఆడాళ్ళు మూగారు.

“నాకో ముద్ద ఇయ్యే కనకా!”

“మా ముసిలోడికీ!”

“ఇత్తాను, అందరికీ ఇత్తాను! బేగి రండి!” కనక గొంతు బొంగురుపోయింది.

పైడితల్లి మంచం పక్కన చతికిలబడింది, రొప్పుతూ. “ముందు నాకు రాయే. భుజాలకి.”

“భుజాలకా? ఆడింది కాళ్ళతో కదా పిన్నీ!”

“నాకూ భుజాలకే,” అంది సత్యకుమారి, చెయ్యి పైకెత్తలేక.

కనక పకపకా నవ్వింది. ఆడొచ్చిన వాళ్ళ కాళ్ళు కడగడం ఆనవాయితీ. గిన్నె దగ్గరికి లాక్కుంది. పైడితల్లి పాదాలు చీలమండల దాకా ఎర్రమట్టి. సత్యకుమారివీ అంతే. నీళ్ళు ఎర్రగా మారాయి. వేరే నీళ్ళు పోసుకుని, మురిపెంగా అత్త పాదాలు ఒళ్ళోకి తీసుకుంది.

అరికాళ్ళకు మట్టే అంటలేదు.