కుళాయిలు తిప్పి చూసే ఏజెంటు

“‘ఇప్పటిదాకా అమ్మిన ఇళ్ళు తక్కువే’ అని ఎవడైనా రాసుకుంటాడటయ్యా!” మేనేజరు అరుపుకి పక్క గదిలో టైపింగు చప్పుడు ఆగిపోయింది.

బల్ల ముందు ఏజెంటు తలొంచుకుని నిలబడ్డాడు. ఇళ్ళు అమ్మిపెట్టే ఆ ఆఫీసులో అతన్ని అందరూ ‘మౌనంగారు’ అనే పిలుస్తారు. మాటలు చెప్పి బతకాల్సిన ఉద్యోగంలో అలాంటి పేరు తెచ్చుకోవడం కూడా ఒక ఘనతే మరి!

కంపెనీ వెబ్‌సైటులో ఏజెంట్లంతా తమ గురించి తలా నాలుగు ముక్కలు రాసిపెట్టాలనీ, చదివినవాళ్ళకి ఇట్టే నమ్మకం కలగాలనీ మేనేజరు ఆర్డరు. ఒకాయన ‘నేనే నంబర్ వన్’ అని రాసుకున్నాడు. ఇంకొకాయన ‘వెయ్యి కుటుంబాల కల నిజం చేశాను’ అన్నాడు. ఆయన ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. మౌనంగారి పేజీలో మాత్రం ఇలా ఉంది:

‘ఈయనకు మాటలు తక్కువ. ఇల్లు చూపించే ముందురోజే వెళ్ళి కుళాయిలన్నీ తిప్పి చూస్తారు. గోడకి చెమ్మ ఉంటే ఉందని చెప్పేస్తారు. అందుకే ఇప్పటిదాకా అమ్మిన ఇళ్ళు తక్కువే. కొన్నవాళ్ళు మాత్రం ఎక్కడ కనిపించినా ఆగి పలకరిస్తారు.’

“ఎవరు రాశారిది?”

“మా ఆవిడండీ.”

“ఆవిడకి నీ మీద ఏమైనా కోపమా?”

“లేదనుకుంటానండీ.”

మేనేజరు తల పట్టుకున్నాడు. “మీ అందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? గది ఇరుగ్గా ఉంటే పొందిగ్గా ఉందనాలి. ఎండ రాకపోతే చల్లటి ఇల్లనాలి. కిటికీ పక్కనే రైలు పట్టాలుంటే స్టేషన్‌కి దగ్గరనాలి. నువ్వేమో నీ కాలి మీద నువ్వే గొడ్డలేసుకుని, నా కాలి మీద కూడా వేస్తున్నావు!”

“సార్...”

“సైటు పని చూసుకునే అమ్మాయి సెలవులో ఉంది కాబట్టి బతికిపోయావు, లేకపోతే ఈ పేజీ ఇప్పుడే తీయించేసేవాణ్ణి. శనివారం సాయంత్రంలోగా ఈ పేజీ చూసి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నీకు ఫోన్ చేశారా సరే. లేదంటే నీ తాళాలగుత్తి ఈ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపో.”

ఇంటికి వెళ్ళేసరికి భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. గుమ్మంలోనే చెప్పేశాడు. “ఉద్యోగం ఊడేట్టుందే.”

సంగతంతా విని, ఆవిడ ఇస్త్రీ ఆపకుండానే అడిగింది. “అందులో అబద్ధం ఏదైనా ఉంటే చెప్పండి, ఇప్పుడే మార్చి రాసిస్తాను.”

రెండు చొక్కాలు ఇస్త్రీ అయ్యేదాకా ఆలోచించాడు. “లేదు.”

“మరింకేం? నవ్విన నాపచేనే పండుతుంది. ముందు ఆ మాసిన చొక్కా విప్పి ఇటివ్వండి.”

ఆవిడకేం, ఎన్నైనా చెబుతుంది. అతనికి మాత్రం లోపల భయంగానే ఉంది. నలభై ఆరేళ్ళు వచ్చాక, మాటలు రాని ఏజెంటుని ఇంకెవరు పెట్టుకుంటారు?

గురువారం ఫోన్ రాలేదు. శుక్రవారం వచ్చింది కానీ, రాంగ్ నంబరు. శనివారం పదకొండింటికి మళ్ళీ మోగింది.

“కుళాయిలు తిప్పి చూసేది మీరేనా అండీ?” ఎవరో ఆడమనిషి. “మేం ఇల్లు కొనాలి. ఇవాళే చూపిస్తారా?”

అతనికి ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నానికల్లా ఇద్దరూ మూడో అంతస్తు ఫ్లాటులో ఉన్నారు. కొత్త రంగులతో గోడలు తళతళలాడుతున్నాయి. “అబ్బ, ఎంత బావుందో!” అందావిడ.

ఔనంటే ఇల్లు అక్కడికక్కడే అమ్ముడుపోతుంది. అయినా అతను పడగ్గది మూలకి వెళ్ళి, గోడ మీద అరచెయ్యి ఆనించాడు. “ఇక్కడ చెయ్యి పెట్టి చూడండమ్మా. చెమ్మ. రంగు వేసి కప్పేశారు. వానాకాలంలో మళ్ళీ పైకొస్తుంది.”

ఆవిడ చెయ్యి పెట్టి చూసి, వెంటనే తీసేసింది. “పోనీ మీరైతే ఏది కొంటారు?”

“కింద రెండో అంతస్తులో ఒకటుందమ్మా. రంగులు వెలిశాయి, వంటింటి తలుపు కిర్రుమంటుంది. గోడలు మాత్రం పొడి. నీళ్ళు ధారగా వస్తాయి. నిన్ననే చూశాను.”

కిందికి తీసుకెళ్ళాడు. ఆవిడ గదిగదీ తిరిగింది. కుళాయిలన్నీ తనే స్వయంగా తిప్పింది. కిర్రుమనే తలుపు రెండుసార్లు మూసి తెరిచి, నవ్వింది.

“మాకిదే ఖాయం. మీ పేజీ చూపించి, ఫోన్ చేస్తే ఈయనకే చెయ్యమన్నది మా వారేనండీ. కింద కార్లో కూర్చున్నారు. ఎవరైనా చూస్తారని పైకి రానన్నారు. ఉండండి, పిలుస్తాను.”

కారులో దాక్కోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు. అయినా తన పేజీ చదివి, తన మాట నమ్మిన మనిషి ఈ లోకంలో ఒకడున్నాడు! భార్యకి ఎప్పుడెప్పుడు చెబుదామా అన్నంత సంబరంగా ఉంది. వచ్చే పెద్దమనిషికి దణ్ణం పెడదామని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

మెట్లెక్కి వచ్చినవాడు మేనేజరు.

“సార్, మీరా!”

“అరవకయ్యా. ఫోన్ వచ్చిందిగా, తాళాలు నీ దగ్గరే ఉంచుకో. ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పకు.”

“అది కాదు సార్, ఆఫీసులో అంతమంది ఏజెంట్లుండగా నాకెందుకు చేయించారు?”

మేనేజరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “వాళ్ళని ఎలా నమ్మమంటావయ్యా? వాళ్ళకి ఆ మాటలన్నీ నేర్పింది నేనేగా!”