ఖాయం కాని చెల్లింపు

అతని ఫోన్ తెర మీద ఇంకా అదే మాట. ఖాయం కాలేదు.

"క్రిప్టో చెల్లింపు ఖాయమైందని మూడు కన్ఫర్మేషన్లు పడందే వస్తువు గడప దాటదు. మా కొట్టు పద్ధతి," అన్నాడు పాత వైద్య పరికరాలు అమ్మే దుకాణదారు.

ఆక్సిజన్ యంత్రం బల్ల మీదే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది.

ఇంట్లో అమ్మ పక్కనున్న సిలిండరు ఇంకో గంట వస్తుంది.

ఇంకో కొట్టుకు పోదామంటే, అతను దాచుకున్న క్రిప్టో అంతా దీనికే పంపేశాడు. అది దుకాణదారుకి చేరలేదు, తన దగ్గరా లేదు.

"ఫీజు ఎంత పెట్టావు బాబూ?" మూల కూర్చున్న ముసలాయన అడిగాడు.

"ధర పోగా మిగిలింది. అన్నిటికంటే తక్కువది."

"అదీ సంగతి. ఒక్కో విడతలో పట్టే చెల్లింపులు కొన్నే. ఫీజు ఎక్కువ ఇచ్చినవాళ్లని ముందు ఎక్కించుకుంటారు. ఇవాళ రద్దీ. నీది అడుగున పడుంటుంది."

అతను మళ్లీ తెర వైపు చూశాడు.

"యంత్రం ఎవరికి?"

అవసరం పసిగడితే ధర పెంచుతారని పొద్దుటినుంచీ మొహం బిగించుకునే ఉన్నాడు. ఈ ముసలాడు దుకాణదారు మనిషే అయ్యుంటాడు.

"మారుబేరానికి. నీకెందుకు పెద్దమనిషీ?"

ముసలాయన లేచాడు. యంత్రానికున్న మెలిపడిన గొట్టాన్ని సరిచేశాడు. దుకాణదారుతో ఏదో గొణిగి వెళ్లిపోయాడు.

పీడా విరగడైంది అనుకున్నాడతను.

తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా గదిలో గాలి ఆడటం లేదనిపించింది. తన ఊపిరి తనే లెక్కపెట్టుకుంటున్నాడని కాసేపటికి గానీ తెలియలేదు.

నలభై నిమిషాలకు ఒక కన్ఫర్మేషన్ పడింది. చాలాసేపటికి రెండోది.

ఫోన్ మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా... ఇక తొందరేం లేదు. నెమ్మదిగా రా."

ఫోన్ బల్ల మీద పెట్టాడు. మూడోది ఎప్పుడు పడిందో అతను చూడలేదు.

దుకాణదారు చూశాడు. యంత్రాన్ని ముందుకు తోశాడు.

"తీసుకెళ్లండి. మీరు మారుబేరగాళ్లు కాబట్టి నా పద్ధతి నిలిచింది."

"అంటే?"

"ఇది ఆ ముసలాయన భార్య వాడిన యంత్రం. ఆవిడ పోయాక, రోగి కోసం ఎవరైనా వస్తే డబ్బు పడేదాకా ఆపకుండా ఇచ్చెయ్యమని చెప్పడానికే వారం రోజులుగా ఇక్కడ కూర్చుంటున్నాడు."